గుర్తు లేని స్వరానికి గుర్తు: సంగీత లిపిలో కొత్త సంకేతాలు చేరిన చరిత్ర



మన పాటలు పుస్తకంలో పుట్టినవి కావు. మన డోలు దెబ్బ బడిలో నేర్చుకున్నది కాదు. తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు, అత్త దగ్గర కోడలు విని, పక్కన నిలబడి వాయించి, అడుగు కలిపి ఆడి నేర్చుకున్నవే అన్నీ. ఈ పద్ధతి గొప్పదే కానీ దీనికి ఒక షరతు ఉంది. నేర్పేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఉండాలి. ఇప్పుడు పిల్లలు హాస్టళ్లలో, పట్నాల్లో చదువుకుంటున్నారు. దండారికో జాతరకో నాలుగు రోజులు వచ్చి వెళ్లే పిల్లవాడికి చెవి నిండేంత సమయం దొరకడం లేదు.

గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం పండుగ చేసుకున్నాం. 2024లో ఇద్దరూ మనల్ని విడిచి వెళ్లిపోయారు. వాళ్లు నేర్పినది శిష్యుల దగ్గర ఉంది. నేర్పకుండా మిగిలిపోయినది ఎంతో లెక్కకట్టలేం.

అందుకే మన యువకులు కొందరు పెద్దల పాటలను ఫోన్లో రికార్డు చేస్తున్నారు. ఇంకొందరు ఒక అడుగు ముందుకు వేసి, కంప్యూటర్‌లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆ పాటలను రాతలోకి దించాలని చూస్తున్నారు. వాళ్లకు మొదటి రోజే ఒక అడ్డంకి ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్ పెట్టెలో వందల గుర్తులు ఉంటాయి, మనకు కావలసినది మాత్రం ఉండదు. కిక్రీ మీద కమాను లాగుతూ వేలు జార్చినప్పుడు పుట్టే స్వరానికి గుర్తేది? కొమ్ము ఊదినప్పుడు హార్మోనియం మెట్లలో దేనికీ సరిపడని ధ్వని వస్తే దాన్ని ఏ గీత మీద పెట్టాలి? డోలు మీద కర్రతో కొట్టిన దెబ్బకూ అరచేతి దెబ్బకూ తేడా ఎలా చూపాలి?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా దగ్గరగా ఉన్న ఏదో గుర్తు పెట్టి సరిపెట్టుకుంటారు. కానీ ఈ అడ్డంకి మనకు మాత్రమే కొత్తగా వచ్చినది కాదు. సంగీతాన్ని రాయాలనుకున్న ప్రతి జాతికీ, ప్రతి తరానికీ ఇది ఎదురైంది. వాళ్లు దాన్ని ఎలా దాటారో తెలుసుకుంటే మన దారి మనకు కనిపిస్తుంది.

గీతల పుట్టుక

నేడు ప్రపంచమంతటా వాడే ఐదు గీతల నొటేషన్ ఒక్కరోజులో పుట్టలేదు. ఐరోపాలో వెయ్యేళ్ల క్రితం చర్చి పాటల మాటల పైన చిన్న చిన్న గీతలు, వంపులు పెట్టేవారు. పాట ముందే తెలిసినవాడికి స్వరం పైకి వెళ్తుందో కిందికి దిగుతుందో అవి గుర్తు చేసేవి. పాట తెలియనివాడికి వాటితో పని లేదు. పదకొండో శతాబ్దంలో ఇటలీలోని అరెజ్జో పట్టణానికి చెందిన గ్విడో అనే సన్యాసి, గీతల మీద, గీతల నడుమ స్వరాలను నిలిపే పద్ధతిని స్థిరపరిచాడు. దానితో ఎన్నడూ వినని పాటను కూడా చూసి పాడగలిగే వీలు కలిగింది.

1501లో వెనిస్ నగరంలో ఒట్టావియానో పెట్రూచి అనేక గొంతుల సంగీతాన్ని విడి అచ్చులతో ముద్రించాడు. అచ్చు వచ్చాక లిపి దూరాలకు చేరింది, దానితోపాటు ఒక కట్టుబాటు కూడా వచ్చింది. చేత్తో రాసేటప్పుడు రాసేవాడు తనకు తోచిన గుర్తు పెట్టుకోవచ్చు. అచ్చులో మాత్రం ఆ గుర్తుకు సీసపు అచ్చు ఉంటేనే అది పేజీ మీద పడుతుంది. ఏ గుర్తులు అచ్చుగదిలో ఉన్నాయో వాటితో రాయగలిగినదే సంగీతం అన్నట్టు అయిపోయింది. ఈ లిపి ఐరోపా సంగీతం కోసం, వాళ్ల వాద్యాల కోసం పెరిగినది. ఇతర జాతుల పాటలు రాయబోయేసరికి దాని పరిమితి బయటపడింది.

అమెరికా ఆదివాసుల పాటలూ, ప్లస్ మైనస్ గుర్తులూ

ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే మహిళ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టింది. చిన్నతనంలో తన ఇంటికి ఎదురుగా, నది అవతలి నుంచి డకోటా జాతివారి డోలు మోత వింటూ పెరిగింది. పెద్దయ్యాక 1907 నుంచి అమెరికా ప్రభుత్వ మానవశాస్త్ర విభాగం తరఫున ఆదివాసుల గూడేలకు వెళ్లి, మైనపు సిలిండర్ల మీద రెండు వేలకు పైగా పాటలు రికార్డు చేసింది. చిప్పెవా జాతి పాటల మీద ఆమె పుస్తకాలు 1910లో, 1913లో వచ్చాయి.

ఆ పాటలను ఐదు గీతల మీదకు ఎక్కించేటప్పుడు కొన్ని స్వరాలు పియానో మెట్లకు సరిపోలేదు. ఆమె రెండు గుర్తులు వాడింది. పాడినవాడు రాసిన స్వరం కంటే కాస్త పైన పాడితే స్వరం నెత్తిన ప్లస్, కాస్త కింద పాడితే మైనస్. తాను వాడే ప్రత్యేకమైన గుర్తులకు అర్థాలు చెబుతూ పుస్తకంలోనే ఒక పట్టిక వేసింది. ఇంచుమించు అదే సమయంలో, 1909లో, బెర్లిన్‌లో ఒట్టో అబ్రహాం, ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్ అనే ఇద్దరు పండితులు ఐరోపాకు బయటి సంగీతాన్ని రాయడానికి నియమాలు ప్రతిపాదించారు. వాటిలోనూ ప్లస్, మైనస్ గుర్తులున్నాయి.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ గుర్తులు కొత్త ఆకారాలేమీ కావు. లెక్కల్లో చిన్నపిల్లలు వాడేవే. వాటిని సంగీత లిపిగా మార్చింది పుస్తకంలో వేసిన ఆ చిన్న పట్టికే. పట్టిక లేకపోతే స్వరం మీద ప్లస్ ఒక గీతల ముడి మాత్రమే.

బాణాలు వేసిన బార్టోక్, రెండు గుర్తులు ఇచ్చిన వజీరి

హంగరీ దేశపు స్వరకర్త బేలా బార్టోక్, మిత్రుడు జొల్తాన్ కొడాయ్‌తో కలిసి 1906 ప్రాంతంలో ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలు తిరగడం మొదలుపెట్టాడు. రైతుల పాటల్లో స్వరం కొంచెం పైకి జరిగితే పైకి చూసే బాణం, కిందికి జరిగితే కిందికి చూసే బాణం స్వరం మీద వేశాడు. గొంతు విరుపులను, చిన్న చిన్న జారుళ్లను చిన్న తలల స్వరాలతో రాశాడు. 1930లలో బుడాపెస్ట్‌లోని సైన్స్ అకాడమీలో కూర్చుని, వెనకటి రికార్డులనే మళ్లీ విని, తన పాత రాతలను ఇంకా వివరంగా దిద్దాడు. రికార్డు మారలేదు. వినే చెవి పదును తేలింది, దానికి తగ్గట్టు రాత కూడా మారింది.

ఇరాన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడి సంగీతంలో పియానో మెట్ల నడుమ పడే స్వరాలు ప్రాణం లాంటివి. అలీ నకీ వజీరి అనే సంగీతకారుడు బయటివాళ్లు గుర్తులు ఇచ్చేదాకా ఆగలేదు. స్వరం సుమారు పావు మెట్టు దిగితే ‘కొరొన్’, పావు మెట్టు ఎక్కితే ‘సొరి’ అని రెండు గుర్తులు తయారు చేశాడు. 1920లలో టెహ్రాన్‌లో సొంత సంగీత పాఠశాల పెట్టి నేర్పాడు. నేడు నొటేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి గుర్తుల పెట్టెలో వెతికితే కొరొన్, సొరి అవే పేర్లతో కనిపిస్తాయి. ఒక జాతి తన సంగీతం కోసం తానే చేసుకున్న గుర్తులు, తన భాషలోని పేర్లతోనే, వందేళ్లలో ప్రపంచపు పెట్టెలోకి చేరాయి.

తెలుగులో అచ్చయిన గమకాల పట్టిక

మన దగ్గర కూడా ఇలాంటి పని జరిగింది, అది కూడా తెలుగు లిపిలో. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు, తమిళనాడులోని ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడు. ఆయన రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలోని విద్యా విలాసిని ముద్రణాలయంలో తెలుగులో అచ్చయింది.

ఈ పుస్తకం వెనుక మద్రాసుకు చెందిన చిన్నస్వామి మొదలియార్ ప్రోత్సాహం ఉంది. ఆయన కర్ణాటక సంగీతాన్ని ఐరోపా నొటేషన్‌లో అచ్చు వేయాలని ఎంతో శ్రమించిన మనిషి. స రి గ మ అని అక్షరాలు రాస్తే ఏ స్వరమో తెలుస్తుంది కానీ ఆ స్వరాన్ని ఎలా ఊపాలో, ఎక్కడ నొక్కాలో, ఎలా జార్చాలో తెలియదు. దీక్షితులు గమకాలకు వేరువేరు గుర్తులు పెట్టి, ఏ గుర్తుకు ఏ గమకమో పుస్తకంలోనే వివరించారు. కంపితానికి అలలాంటి గీత. పైకి జారే జారుకు ఒక వైపు వాలిన గీత, కిందికి జారే జారుకు రెండో వైపు వాలిన గీత. స్ఫురితానికి మూడు చుక్కలు. ఇలా గమకాలకు ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు, దాని పక్కన దాని పేరు.

సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చే ఆ రోజుల్లో, స్వరం పైన ఇంత చిన్న గుర్తులను తప్పులేకుండా కూర్చడం ఎంత కష్టమో అచ్చుపని చేసినవారికి తెలుస్తుంది. ఆ కష్టం వృథా పోలేదు. నూరేళ్లు దాటాక కూడా విద్వాంసులు ఆ పుస్తకం ముందు పెట్టుకుని, పట్టిక చూసుకుని, 1904 నాటి గమకం ఎలా ఉండేదో వెతుక్కుంటున్నారు. రాసినవారు పోయినా పట్టిక బతికింది.

సవర మాటకు గుర్తులు

పాటకు స్వరం ఎంత ముఖ్యమో మాట కూడా అంతే. మాటను రాసే గుర్తుల కథ కూడా ఇలాంటిదే. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర భాషా బోధిని 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1931 నాటి పుస్తకం పేరులోనే జాతి పేరును రోమన్ అక్షరాల్లో రాస్తూ, దీర్ఘం ఉన్న అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘానికి వేరే గుర్తు లేదు కాబట్టి చేర్చారు. ఆ రెండు చుక్కలు తీసేస్తే సవర మాట సవర వాళ్లు పలికినట్టు ఉండదు.

1936లో సవర జాతిలోనే పుట్టిన మంగై గొమాంగో తమ భాషకు ‘సొర సొంపెంగ్’ అనే సొంత లిపినే ఇచ్చారు. ఒకరు ఉన్న లిపికి గుర్తులు చేర్చారు. ఇంకొకరు కొత్త లిపి కట్టారు. దారులు వేరైనా, మన ధ్వని చెడకుండా నిలవాలన్న ఆరాటం ఒక్కటే.

సీసపు అచ్చు నుంచి ఫాంట్ దాకా

కంప్యూటర్ వచ్చాక అచ్చుగది మన బల్ల మీదకు వచ్చింది. 1980ల మధ్యలో అడోబీ సంస్థలో క్లియో హగ్గిన్స్ ‘సొనాటా’ అనే సంగీత ఫాంట్ రూపొందించింది. అందులో ‘అ ఆ’ల స్థానంలో స్వరాల తలలు, తోకలు, విరామ గుర్తులు ఉంటాయి. 1988లో ‘ఫినాలే’ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానితో వచ్చిన సంగీత ఫాంట్‌కు, 1501లో అచ్చు వేసిన పెట్రూచి పేరే పెట్టారు. 1993లో ఇంగ్లండ్‌లో ఫిన్ సోదరులు ‘సిబేలియస్’ తెచ్చారు. 2002లో జర్మనీకి చెందిన వెర్నర్ ష్వేర్ ‘మ్యూజ్‌స్కోర్’ మొదలుపెట్టాడు. దీన్ని డబ్బు కట్టకుండా దింపుకోవచ్చు, దాని లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. మన గ్రామ యువజన సంఘాలకు అందేది ఇదే.

ఈ సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ, పేర్లు వేరైనా, కొత్త గుర్తు చేర్చడానికి కొన్ని దారులు ఉన్నాయి. మొదటిది, పెట్టెలో ఇప్పటికే ఉన్న గుర్తును మన అర్థంతో వాడుకోవడం. డెన్స్‌మోర్ ప్లస్ మైనస్‌లతో చేసింది ఇదే. రెండోది, ఉన్న గుర్తులనే రెండు మూడు కలిపి కొత్తది కట్టడం. సిబేలియస్‌లో గుర్తులను మార్చే కిటికీ దీనికోసమే ఉంది. మూడోది, బొమ్మలు గీసే ప్రోగ్రాంలో మన గుర్తును సొంతంగా గీసి, బొమ్మగా తెచ్చి పెట్టుకోవడం. మ్యూజ్‌స్కోర్‌లో అలాంటి బొమ్మను ఒకసారి మన ప్యాలెట్‌లో దాచుకుంటే తర్వాత ప్రతి పాటలోనూ అక్కడి నుంచే తీసి వాడుకోవచ్చు.

డోలు వంటి తాళ వాద్యాలకు ఇంకొక వీలుంది. ఏ దెబ్బ ఏ గీత మీద కూర్చోవాలి, దాని తల గుండ్రంగా ఉండాలా ఇంటూ గుర్తులా ఉండాలా, వినిపించేటప్పుడు ఏ ధ్వని రావాలి అని ఒక్కొక్క దెబ్బకూ విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

గుర్తును దిద్దడంలో ఒక కీలకం ఉంది. గుర్తు రూపాన్ని మూలంలో మారిస్తే పాట పొడవునా ఉన్న ఆ గుర్తులన్నీ ఒకేసారి మారే ఏర్పాటు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. వట్టి బొమ్మగా అతికిస్తే ఒక్కొక్కదాన్నీ విడిగా దిద్దుకోవాలి. పైగా బొమ్మకు సాఫ్ట్‌వేర్ దృష్టిలో అర్థం లేదు. మనం జారు గుర్తు గీసినా, ప్లే మీట నొక్కితే జారు వినిపించదు, మామూలు స్వరమే మోగుతుంది. అందుకని కంప్యూటర్ వినిపించినదే మన పాట అని పిల్లలు అనుకోకుండా చూడాలి. కాగితం మీది గుర్తు పాడేవాడికి చెప్పే మాట. అది మిషనుకు తెలిసినా తెలియకపోయినా మనిషికి తెలియాలి.

ఒకే గుర్తుకు ఒకే సంఖ్య

సొంత గుర్తులతో ఒక పాత చిక్కు ఉంది. డీటీపీ పని చేసిన తెలుగువాళ్లందరికీ ఇది అనుభవమే. పాతరకం తెలుగు ఫాంట్లలో చక్కగా కంపోజ్ చేసిన పాఠాన్ని, ఆ ఫాంట్ లేని ఇంకొక కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కనిపించేవి. ఫాంట్ ఉన్నచోట తెలుగు, లేనిచోట గజిబిజి. సంగీత ఫాంట్లలోనూ అదే జరిగింది. ఒక ఫాంట్‌లో ఒక స్థానంలో విరామ గుర్తు ఉంటే, ఇంకొక ఫాంట్‌లో అదే స్థానంలో వేరే గుర్తు ఉండేది.

తెలుగుకు ఈ చిక్కు తీర్చింది యూనికోడ్. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. 2001లో యూనికోడ్ సంగీత గుర్తులకు కూడా చోటిచ్చింది. కానీ అక్కడ చేరినవి 200కు కాస్త పైగా మాత్రమే. 2013లో స్టైన్‌బర్గ్ సంస్థలో డేనియల్ స్ప్రెడ్‌బరీ ముందు నిలిచి ‘స్మఫుల్’ అనే ప్రమాణాన్ని, దానికి నమూనాగా ‘బ్రవూరా’ అనే ఫాంట్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. అందులో 2,000కు పైగా గుర్తులకు స్థిరమైన సంఖ్యలు, పేర్లు ఉన్నాయి. వజీరి కొరొన్, సొరి అందులో ఉన్నాయి. భారతీయ డోళ్ల కోసం గీతల మొదట్లో పెట్టే గుర్తు ఒకటి కూడా ఉంది.

మన లిపుల కథ కూడా ఈ దారిలోనే నడిచింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మున్షీ మంగల్ సింగ్ మసరాం రూపొందించిన ఇంకొక గోండి లిపి అంతకు ముందు ఏడాది, 2017లో చేరింది. సొర సొంపెంగ్ 2012లోనే చేరింది. ఒక గ్రామంలో మూటకట్టి దాచిన కాగితాల మీది అక్షరం నేడు ఏ దేశంలోని కంప్యూటర్‌లోనైనా అదే అక్షరంగా నిలవగలదు. దానికి కావలసినది ఒక్కటే. ఈ గుర్తు ఇది, దీని పేరు ఇది, దీన్ని వాడేవాళ్లు వీళ్లు అని ఎవరో కూర్చుని ఓపికగా పట్టిక రాయడం.

రాత చేయలేని పని

గుర్తుల గురించి ఇంత చెప్పాక, వాటి హద్దు కూడా చెప్పుకోవాలి. అమెరికా పండితుడు చార్లెస్ సీగర్ 1958లో ఒక వ్యాసంలో రెండు రకాల సంగీత రాతలను విడదీసి చూపాడు. ఒకటి, ఇలా వాయించు అని చెప్పే రాత. రెండోది, ఇలా వాయించారు అని నమోదు చేసే రాత. మొదటిదాన్ని చదివేవాడికి సంప్రదాయం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి కొద్ది గుర్తులు చాలు. రెండోదానికి ఎన్ని గుర్తులు పెట్టినా ఇంకొంత మిగిలే ఉంటుంది. మన పిల్లలకు నేర్పడానికి రాసే రాత తేలికగా ఉండాలి. పరిశోధన కోసం రాసేది నిండుగా ఉండాలి. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపితే రెండూ చెడతాయి.

డెన్స్‌మోర్ వంటివారి కాలం నాటి సిలిండర్ల కథకు తర్వాతి భాగం కూడా ఉంది. 1979లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ పాత మైనపు సిలిండర్లలోని ధ్వనిని టేపుల మీదకు ఎక్కించే పని మొదలుపెట్టి, తర్వాతి సంవత్సరాల్లో ఆ ప్రతులను ఆయా జాతులకు తిరిగి ఇచ్చింది. ఓమహా వంటి జాతుల మనవలు, మునిమనవలు తమ తాతల గొంతులను మళ్లీ విన్నారు. గీతల మీద రాసిన పాట ఎంత జాగ్రత్తగా రాసినా అది రాసినవారి చెవిలోంచి వచ్చినది. సిలిండర్‌లో ఉన్నది పాడినవారి గొంతు. రికార్డు ఉంటే, బార్టోక్ చేసినట్టు, రాతను ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. రాత ఒక్కటే ఉండి రికార్డు లేకపోతే దిద్దుకోవడానికి ఆధారం ఉండదు.

మన పట్టిక మనమే రాసుకుందాం

ఈ చరిత్ర మొత్తం చూస్తే ఒక మాట తేలుతుంది. గుర్తు ఎవరైనా గీయగలరు. దానికి పేరు పెట్టి, అర్థం రాసి, పదిమంది ఒప్పుకున్నప్పుడే అది లిపి అవుతుంది. ఆ పేరు, ఆ అర్థం వాయించేవాళ్ల నోటి నుంచి రావాలి. సాఫ్ట్‌వేర్ నేర్చిన కుర్రవాడు గుర్తు గీయగలడు. ఆ దెబ్బకు ఏమంటారో చెప్పగలిగేది మాత్రం డోలు పట్టిన పెద్దాయనే. అందుకని మన సంఘాలు, మన విద్యావంతులు ఈ పనికి పూనుకోవాలని ఈ సందర్భంగా కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాను.

ముందు రికార్డు చేయాలి. పాట మొత్తం ఒకసారి, తర్వాత ఒక్కొక్క వాద్యం విడిగా, నెమ్మదిగా ఇంకొకసారి. చేతులు కనిపించేలా వీడియో తీస్తే ఇంకా మంచిది. వాయించినవారి పేరు, ఊరు, తేదీ, ఏ పండుగకు వాయించేదో రికార్డు మొదట్లోనే వాళ్ల నోటితోనే చెప్పించాలి.

రెండోది, దెబ్బల జాబితా. నడుమ కర్ర దెబ్బ, అంచు మీది దెబ్బ, అరచేతి దెబ్బ, కొట్టి తోలును నొక్కిపట్టే దెబ్బ, ఇలా ఒక్కొక్కటి వాయించమని అడిగి, దీన్ని మీరేమంటారు అని అడగాలి. గోండిలో ఏమంటే గోండిలో, కోయలో ఏమంటే కోయలో, కువిలో ఏమంటే కువిలో ఆ మాటే పట్టికలో రాయాలి. కిక్రీ జారుకూ, పెప్రె ఊదులోని విరుపుకూ, కొమ్ము ధ్వనికీ, ధింసాలో మోరి పలికే పలుకుకూ ఇదే పద్ధతి. ఒకే దెబ్బను రెండు ఊళ్లలో రెండు పేర్లతో పిలిస్తే రెండు పేర్లూ రాయాలి. ఒకటి ఉంచి ఇంకొకటి కొట్టివేసే అధికారం ఎవరికీ లేదు.

మూడోది, గుర్తులు తక్కువగా, తేలికగా ఉండాలి. చేత్తో నల్లబల్ల మీద గీయగలిగేవి అయితే బడిలో పంతులు కూడా వాడగలడు. ఎట్టయపురం పుస్తకంలోని గుర్తులు వాలుగీతలు, చుక్కలు, అలగీతలే కదా.

నాలుగోది, దాచే పద్ధతి. 2024లో ఫినాలే తయారీదారులు ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపివేస్తున్నామని ప్రకటించారు. 35 ఏళ్లుగా అందులో రాసుకున్నవాళ్లు తమ ఫైళ్లను వేరే సాఫ్ట్‌వేర్లలోకి మార్చుకునే పనిలో పడ్డారు. మనం ఏ సాఫ్ట్‌వేర్‌లో రాసినా, దానితోపాటు చాలా సాఫ్ట్‌వేర్లు చదవగలిగే మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఒక ప్రతి, పీడీఎఫ్‌గా ఒక ప్రతి, కాగితం మీద ఒక ప్రతి ఉంచుకోవాలి. సొంతంగా గీసిన గుర్తులు ఫైలు మార్చినప్పుడు జారిపోవచ్చు. అందుకే గుర్తుల పట్టికను ప్రతి పాట మొదటి పేజీలోనే అచ్చువేయాలి.

ఐదోది, అన్నిటికంటే పెద్దది, పెద్దల అనుమతి. పెర్సా పేన్ పూజల్లో పాడేవి, చావు కర్మల్లో వాయించేవి అందరి ముందూ పెట్టేవి కావచ్చు, కాకపోవచ్చు. అది కటోడా, పటేలు, పెద్దలు కూర్చుని చెప్పవలసిన మాట. వాళ్లు వద్దంటే రాయకూడదు. రాసినా బయట పెట్టకూడదు. ఏ గుర్తు చేర్చాలో నిర్ణయించుకునే హక్కు మనది అన్నప్పుడు, ఏది రాయకుండా ఉంచాలో నిర్ణయించుకునే హక్కు కూడా మనదే.

వజీరి తన ఊరిలో, తన బడిలో రెండు గుర్తులతో మొదలుపెట్టాడు. సుబ్బరామ దీక్షితులు ఒక చిన్న సంస్థానంలో కూర్చుని తెలుగు అచ్చులో గమకాల పట్టిక వేశారు. మన దగ్గర డోలు ఉంది, దాన్ని వాయించే చేతులు ఇంకా ఉన్నాయి, గుర్తు గీయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. వచ్చే దండారికి ఊరు చేరినప్పుడు ఒక పెద్దాయన పక్కన కూర్చుని పది దెబ్బల పేర్లు రాసుకుంటే మొదటి పేజీ అక్కడే సిద్ధమవుతుంది.